చేపల తొట్టికి ఎల్‌ఇడి దీపం: వెలుగు, వేడి, గాలి

చేపల తొట్టిని ఇంటి అలంకారంగా భావించేవారే అధికం. ఆలోచించి చూస్తే భౌతిక, రసాయన, వృక్ష, జంతు శాస్త్రాలు నాలుగూ ఒకే నీటిలో కలిసి కనిపించే చిన్న ప్రయోగశాల అది. ఆ తొట్టిపై వెలిగే దీపాన్ని బజారులో కొనవచ్చు. కాని అది ఎట్లా పనిచేస్తున్నదో తెలియాలంటే స్వయంగా నిర్మించుకోవడమే మేలు. కాంతిని ఇచ్ఛానుసారం హెచ్చించి తగ్గించగల ఎల్‌ఇడి దీపాన్ని, వేడిని బట్టి వేగం మార్చుకునే పంఖాను విద్యార్థులు తమ చేతులతో ఎట్లా సమకూర్చుకోవచ్చునో ఈ వ్యాసంలో వివరించదలిచాను. తెలుగు పాఠం చెప్పేవానికి ఇందులో పనేమిటని కొందరు అడగవచ్చు. విజ్ఞానశాస్త్ర విద్యార్థులు తాము చేసే ప్రయోగాన్ని తెలుగులోనూ చెప్పలేక, ఉర్దూలోనూ చెప్పలేక తడబడడం తరచు చూస్తున్నాను. ఆ తడబాటును తగ్గించడం భాషోపాధ్యాయుని పనే.

దీపం అనగానే మన దృష్టి వెలుగుపైననే నిలుస్తుంది. ఎల్‌ఇడి విషయంలో మాత్రం వెలుగు కంటె వేడి ముఖ్యం. డ్రైవరు మొదలు పంఖా వరకు ఈ దీపంలోని భాగాలలో అధికం ఏదో ఒక విధంగా వేడిని అదుపులో ఉంచడానికే ఏర్పడ్డాయి. ఈ సూత్రాన్ని మనసులో ఉంచుకొని చదివితే తక్కిన వివరాలు తేలికగా బోధపడతాయి.

ప్రవాహమే ప్రధానం

ఎల్‌ఇడి అనగా కాంతిని వెలువరించే డయోడ్. 1962లో నిక్ హోలోన్యాక్ కంటికి కనిపించే ఎర్రని కాంతినిచ్చే డయోడును తయారుచేశారు. ప్రకాశవంతమైన నీలి డయోడుకు మరి మూడు దశాబ్దాలు పట్టింది. ఆ సాధనకుగాను ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా 2014లో భౌతికశాస్త్ర నోబెల్ బహుమానం అందుకున్నారు. నేడు మనం వాడే తెల్లని ఎల్‌ఇడిలో సాధారణంగా ఉండేది నీలి డయోడే. దానిపై పరచిన పసుపు ఫాస్ఫరు పొర నీలి కాంతిలో కొంత భాగాన్ని పసుపుగా మార్చగా, రెండూ కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి.

పాత ఫిలమెంటు బల్బులో తీగ వేడెక్కినకొద్దీ దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. కనుక ప్రవాహం తనంతట తానే హద్దులో నిలుస్తుంది. డయోడు స్వభావం ఇందుకు విరుద్ధం. వేడెక్కినకొద్దీ దానికి కావలసిన వోల్టేజి డిగ్రీకి సుమారు 3 మిల్లీవోల్టుల చొప్పున తగ్గుతుంది. వోల్టేజిని స్థిరంగా ఉంచితే ప్రవాహం పెరుగుతుంది. ప్రవాహం పెరిగితే వేడి పెరుగుతుంది, ఆ వేడి మళ్ళీ ప్రవాహాన్ని పెంచుతుంది.

దీనిని అంకెలలో చూద్దాం. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు లోతు గల తొట్టిలో సుమారు 54 లీటర్ల నీరు పడుతుంది. అందులో మొక్కలు పెంచడానికి 3 వాట్ల తరగతికి చెందిన తెల్లని ఎల్‌ఇడిలు పన్నెండు చాలు. వీటిని ఆరేసి చొప్పున రెండు వరుసలుగా కలుపుదాం. 700 మిల్లీయాంపియర్ల వద్ద ఒక్కొక్క ఎల్‌ఇడికి సుమారు 3.2 వోల్టులు కావాలి. అంటే వరుసకు 19.2 వోల్టులు. సరఫరా 24 వోల్టులైతే మిగిలేది 4.8. దీనిని 6.9 ఓముల నిరోధంతో సరిపెట్టవచ్చునని పాఠ్యపుస్తకం చదివిన విద్యార్థికి వెంటనే తోస్తుంది. దీపం వెలిగించిన క్షణంలో లెక్క సరిపోతుంది కూడ. కాని ఎల్‌ఇడిలు 60 డిగ్రీలు వేడెక్కేసరికి వరుస వోల్టేజి సుమారు 1.1 వోల్టు తగ్గుతుంది. ఆ వోల్టు నిరోధం మీద పడి ప్రవాహం 700 నుంచి దాదాపు 860 మిల్లీయాంపియర్లకు చేరుతుంది. ఒక వేసవిలో దీపం మసకబారడానికి ఇంతకంటె కారణం అక్కరలేదు.

కావున నిరోధం బదులు స్థిర ప్రవాహ డ్రైవరు వాడాలి. వోల్టేజి ఎట్లా మారినా ప్రవాహాన్ని ఒకే విలువ వద్ద నిలపడం దీని పని. మీన్ వెల్ వారి ఎల్‌డీడీ-700హెచ్ ఇటువంటిదే. అగ్గిపెట్టె కంటె చిన్నదిగా ఉండే ఈ పరికరం 9 నుంచి 56 వోల్టుల ఏకముఖ విద్యుత్తును స్వీకరించి 700 మిల్లీయాంపియర్లను ఇస్తుంది. సరఫరా వోల్టేజి వరుస వోల్టేజి కంటె కనీసం 3 వోల్టులు హెచ్చుగా ఉండాలన్నది ఒక్కటే నియమం. మన 24, 19.2ల మధ్య ఆ ఎడం ఉంది. వరుసకొక డ్రైవరు చొప్పున రెండు కావాలి. మొత్తం ఎల్‌ఇడిల సామర్థ్యం సుమారు 27 వాట్లు కనుక 24 వోల్టులు, 2.5 యాంపియర్ల అడాప్టరు ధారాళంగా సరిపోతుంది. హైదరాబాదు వెళ్ళేవారికి కోఠిలోని గుజరాతీ గల్లీలో ఇటువంటి సామగ్రి దొరుకుతుంది. అంత దూరం వెళ్ళలేనివారు పాత కంప్యూటరు నుంచి పంఖాను, హీట్ సింకును తీసుకొన్నా సగం పని అయినట్లే.

వెలుగును తగ్గించే విధానం

పూర్వం లాంతరులో వత్తిని దించితే వెలుగు తగ్గేది. ఎల్‌ఇడిలోనూ ప్రవాహాన్ని తగ్గించి వెలుగును తగ్గించవచ్చు. రెండవ మార్గం వేరు. ప్రవాహాన్ని తగ్గించకుండా, పూర్తిగా ఇవ్వడం, పూర్తిగా ఆపడం, మళ్ళీ ఇవ్వడం. ఈ వెలుగు నీడల ఆట సెకనుకు వందల సార్లు జరిగితే కన్ను దానిని పసిగట్టలేదు. వెలిగి ఉన్న కాలం మొత్తం కాలంలో ఎన్నవ వంతో అన్నవ వంతు వెలుగుగా మాత్రమే గ్రహిస్తుంది. స్పందనల వెడల్పును మార్చే ఈ విధానాన్నే పి.డబ్ల్యు.ఎమ్. అంటారు. వెలిగినప్పుడు ప్రవాహం ఎల్లప్పుడు ఒకటే కనుక రంగు మారదు. ఎల్‌డీడీ డ్రైవరుకు ఇందుకోసం ప్రత్యేకంగా ఒక తీగ ఉంది. దానిని సెకనుకు 100 నుంచి 1000 సార్ల వరకు తెరచి మూయవచ్చు.

దీపం ఆరిపోయిందనడానికి తెలుగువారికి నోరు రాక కొండెక్కిందన్నారు. ఉర్దూలోనూ దీపం ఆర్పడాన్ని చిరాగ్ బఢానా, అనగా దీపాన్ని పెంచడం, అనే వాడుక ఉంది. రెండు భాషలూ ఈ మాట దగ్గర ఒకే మర్యాద పాటించాయి. మన తొట్టి దీపం మాత్రం సెకనుకు 244 సార్లు కొండెక్కి దిగుతుంది.

ఆ 244 ఎక్కడిదో చెప్పాలి. తెరచి మూసే పనికి ఆర్డుయినో ఊనో అనే చిన్న నియంత్రణ ఫలకం అనుకూలం. అందులోని ఏటీమెగా 328పి చిప్పు గడియారం సెకనుకు 160 లక్షల సార్లు కొట్టుకుంటుంది. దాని ఒకటవ టైమరు 16 బిట్లది. అంటే 65,536 వరకు లెక్కించగలదు. మొదటి సంఖ్యను రెండవ దానితో భాగిస్తే వచ్చేదే 244. ఈ టైమరు 9, 10 సంఖ్యల పిన్నులను నడిపిస్తుంది. వాటికి రెండు డ్రైవర్ల తీగలను కలపాలి. సులభమని చెప్పి ఫలకంలోని మామూలు ఆజ్ఞను వాడితే 0 నుంచి 255 వరకే మెట్లు దొరుకుతాయి. పైమెట్లలో ఒక మెట్టు తేడా తెలియదు. కింది మెట్లలో 3 నుంచి 4కు ఎక్కితే వెలుగు మూడవ వంతు ఒక్కసారిగా పెరుగుతుంది. ఉషఃకాలం వలె మెల్లగా వెలగవలసిన దీపం మెట్లుమెట్లుగా ఎగిరినట్లు కనబడుతుంది. 16 బిట్లలో ఆ దోషం ఉండదు. అయితే ఒక శాతానికి దిగువ చాలా డ్రైవర్లు నిలకడగా పనిచేయవు కనుక అక్కడినుంచి నేరుగా సున్నకు దించడం మంచిది.

ఇక్కడ విద్యార్థులు ముఖ్యంగా గమనింపవలసిన విషయం ఒకటి ఉంది. కన్ను మంచి కొలబద్ద కాదు. కాంతిని 18 శాతానికి తగ్గించినప్పుడు మాత్రమే కంటికి అది సగమైనట్లు తోస్తుంది. తొట్టిలోని మొక్కకు ఈ భ్రమ లేదు. దానికి 18 శాతం 18 శాతమే. కంటికి ఇంపుగా సగం వెలుగు పెట్టి, మొక్కలు ఎందుకు వాడిపోతున్నవని విచారించేవారు ఈ తేడాను ఎరుగనివారే. ఉదయం, సాయంకాలం వెలుగు మారే తీరును కంటికోసం వంపుగీతగా రూపొందించవచ్చు. పగటి వెలుగును మాత్రం మొక్కను చూసి శాతంలో నిర్ణయించాలి.

ఆరి వెలిగే కాంతి మొక్కలకు సరిపడుతుందా అనే సందేహం సహజం. 1932లో రాబర్ట్ ఎమర్సన్, విలియమ్ ఆర్నాల్డ్ క్లోరెల్లా అనే ఏకకణ శైవలంపై అతి స్వల్పమైన మెరుపులను ప్రసరింపజేసి, మెరుపుకు మెరుపుకు మధ్య చీకటిలో కూడ కిరణజన్య సంయోగక్రియకు సంబంధించిన రసాయన చర్యలు కొనసాగుతాయని నిరూపించారు. ఆ చీకటి చర్యలకు సెకనులో కొన్ని వందవ వంతుల కాలం పడుతుంది. మన దీపం ఆరి వెలగడానికి పట్టేది సెకనులో 244వ వంతు. కనుక మొక్క ఈ వెలుగును సగటుగానే స్వీకరిస్తుంది.

వేడి, పంఖా

27 వాట్లలో వెలుగుగా మారేది సగానికి లోపే. సుమారు 16 వాట్లు వేడిగా మిగులుతాయని అనుకుందాం. ఫిలమెంటు బల్బు తన వేడిలో అధిక భాగాన్ని కిరణాలుగా వెదజల్లుతుంది. ఎల్‌ఇడి అట్లా చేయలేదు. దాని వేడి వెనుకవైపున లోహం గుండానే పోవాలి. అందుకే ఎల్‌ఇడిలను రెక్కలు గల అల్యూమినియం హీట్ సింకుపై, మధ్యలో థర్మల్ పేస్టు పలుచగా రాసి, మరలతో బిగించాలి. పేస్టు మందంగా రాస్తే మేలు కాదు, కీడే. అది గాలి సందులను పూడ్చడానికే గాని లోహానికి బదులుగా కాదు.

గాలి వీచని హీట్ సింకు వాటుకు 2 డిగ్రీల చొప్పున వేడెక్కుతుందనుకుంటే, 16 వాట్లకు 32 డిగ్రీలు. రాయలసీమ వేసవిలో మధ్యాహ్నం గది ఉష్ణోగ్రత 38 ఉన్నదనుకోండి. హీట్ సింకు 70కి చేరుతుంది. ఎల్‌ఇడి అంతర్భాగం దానికంటె మరో 15 డిగ్రీలు హెచ్చు, అనగా 85. పంఖాతో వాటుకు 0.7 డిగ్రీలకు తగ్గించగలిగితే హీట్ సింకు 49 వద్ద, అంతర్భాగం 64 వద్ద నిలుస్తాయి. ఈ ఇరవై డిగ్రీల తేడా దీపం ఆయుర్దాయాన్ని బాగా పెంచుతుంది.

పంఖాను ఎల్లవేళలా పూర్తి వేగంతో తిప్పితే సరిపోదా? చల్లదనానికి సరిపోతుంది. కాని చప్పుడు, దుమ్ము, బేరింగుల అరుగుదల ఉన్నాయి. పంఖా గాలి వేగానికి అనులోమంగా ఉంటుంది. అది వాడుకునే సామర్థ్యం వేగం ఘనానికి అనులోమంగా ఉంటుంది. వేగం సగమైతే గాలి సగమవుతుంది, సామర్థ్యం ఎనిమిదవ వంతుకు పడిపోతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెళ్ళు తగ్గుతుంది. సగం వేగంతో తిరిగే పంఖా పక్కన కూర్చొని చదువుకోవచ్చు.

కంప్యూటర్లలో వాడే నాలుగు తీగల 12 వోల్టుల పంఖా ఈ పనికి శ్రేష్ఠం. సరఫరా 24 వోల్టులు కనుక మధ్యలో ఎల్‌ఎం 2596 మాడ్యూలు పెట్టి 12కు దించాలి. నాలుగింటిలో రెండు తీగలు విద్యుత్తుకు, మూడవది తిరిగే వేగం తెలపడానికి, నాలుగవది వేగాన్ని ఆజ్ఞాపించడానికి. ఆజ్ఞ తీగపై సెకనుకు 25 వేల స్పందనలు ఇవ్వాలి. ఇది మన వినికిడికి అందని పౌనఃపున్యం కనుక కీచుమనే శబ్దం ఉండదు. ఊనో ఫలకంలో రెండవ టైమరు నడిపే 3వ పిన్ను ఇందుకు తగినది. ఆ పిన్నును నేరుగా కాక ఒక చిన్న ట్రాన్సిస్టరు ద్వారా కలపాలి. ట్రాన్సిస్టరు ఆజ్ఞను తలకిందులు చేస్తుందనే సంగతి ప్రోగ్రాము రాసేటప్పుడు మరువరాదు.

వేడిని కొలిచేందుకు హీట్ సింకు నడుమ ఒక థర్మిస్టరు అతికించాలి. 25 డిగ్రీల వద్ద 10,000 ఓములు చూపే రకం సులభంగా దొరుకుతుంది. దానికి శ్రేణిలో 10,000 ఓముల నిరోధం కలిపి, 5 వోల్టులు ఇచ్చి, థర్మిస్టరుపై వోల్టేజిని ఫలకంతో చదివిస్తే 25 డిగ్రీల వద్ద 512 వస్తుంది. బీటా విలువ 3950 గల థర్మిస్టరైతే 35 వద్ద సుమారు 403, 50 వద్ద 270, 60 వద్ద 204 వస్తాయి. వేడి పెరిగినకొద్దీ అంకె తగ్గుతుంది.

చలిదేశాలవారి నమూనాలలో 30, 35 డిగ్రీలకే పంఖా మొదలయ్యేటట్లు ఉంటుంది. మన వేసవిలో గదియే అంతకు మించుతుంది కనుక ఆ పంఖా ఇక ఆగనే ఆగదు. 45 వద్ద మొదలై 40 వద్ద ఆగేటట్లు, 60కి పూర్తి వేగం అందుకునేటట్లు ఏర్పాటు చేయడం నా అభిప్రాయంలో సముచితం. మొదలు, ఆగుదల ఒకే అంకె వద్ద పెడితే పంఖా ఆ అంకె చుట్టూ మాటిమాటికి ఆగి తిరుగుతుంది. 30 శాతానికి తక్కువ ఆజ్ఞతో చాలా పంఖాలు కదలవు కనుక కనిష్ఠాన్ని అక్కడ ఉంచాలి. వెలుగు, పంఖా రెండింటినీ ఒకే గుండీతో కలపడం కొందరికి సులభమని తోస్తుంది. అది సరికాదు. దీపాన్ని తగ్గించిన తరువాత కూడ హీట్ సింకులో వేడి నిలిచి ఉంటుంది. జనవరిలో పూర్తి వెలుగుకు పంఖా అక్కరలేకపోవచ్చు, మేలో సగం వెలుగుకే కావలసి రావచ్చు. పంఖా వేడి మాట వినాలి గాని వెలుగు మాట కాదు.

ఇంకొక చిన్న పంఖాను నీటిపైకి వీచేటట్లు అమర్చితే చేపలకు మేలు. ఇది మట్టికూజా సూత్రమే. ఒక లీటరు నీరు ఆవిరి కావడానికి సుమారు 2,430 కిలోజౌళ్ళ గుప్తోష్ణం కావాలి. వెలుపలినుంచి వేడి చేరకపోతే 54 లీటర్ల తొట్టిని 10 డిగ్రీలు చల్లబరచడానికి ఆ వేడి చాలు. నిజానికి గది వేడి నిత్యం చేరుతూనే ఉంటుంది కనుక రెండు మూడు డిగ్రీలు తగ్గినా లాభమే. నీరు వేడెక్కినకొద్దీ అందులో కరిగే ప్రాణవాయువు తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద లీటరుకు 8.3 మిల్లీగ్రాములు కరగగలిగితే 35 వద్ద 7 మాత్రమే. కోస్తా ఉక్కలో ఆవిరి కావడమే తక్కువ కనుక అక్కడ ఈ ఉపాయం అంతగా పారదు. ఆవిరైన నీటికి బదులు అప్పుడప్పుడు నీరు పోయాలని వేరుగా చెప్పనక్కరలేదు.

తీగ తెగితే ఏమవుతుంది?

ఏ యంత్రాన్నయినా అది పనిచేసే తీరును బట్టి కాక చెడిపోయే తీరును బట్టి పరీక్షించాలి. పంఖా ఆజ్ఞ తీగ తెగిపోతే పంఖా పూర్తి వేగంతో తిరుగుతుంది. ఇది క్షేమం. ఎల్‌డీడీ డ్రైవరు ఆజ్ఞ తీగ తెగితే దీపం పూర్తిగా వెలుగుతుంది. ఇది క్షేమం కాదు. తీగ తెగనక్కరలేదు. రాత్రి విద్యుత్తు పోయి తిరిగి వచ్చినప్పుడు ఫలకం మేల్కొనేలోగా ఒకటి రెండు క్షణాలు దీపం పూర్తిగా మెరవవచ్చు. మన చేపలకు కనురెప్పలు లేవు. చీకటిలో నిశ్చలంగా ఉన్న చేప ఆ మెరుపుకు బెదరి అద్దానికి కొట్టుకొనవచ్చు, మూత లేని తొట్టి నుంచి నేలకు దూకవచ్చు. డ్రైవరు వివరపట్టిక చూసి, ఆజ్ఞ తీగను 0.5 వోల్టుకు లోపల పట్టి ఉంచగల నిరోధాన్ని ఆ తీగకు, భూమికి మధ్య కలిపితే ఈ ప్రమాదం తప్పుతుంది. విద్యుత్తు పోయినా వేళ మరువని డీఎస్ 3231 గడియారపు మాడ్యూలు కూడ అవసరమే. దానికి నాణెం వంటి బ్యాటరీ ఉంటుంది.

పంఖా దుమ్ము పట్టి ఆగిపోతే? మూడవ తీగ చుట్టుకు రెండు స్పందనల చొప్పున పంపుతుంది. ఆజ్ఞ ఇచ్చినా స్పందనలు రాకపోతే దీపాన్ని 20 శాతానికి దించేటట్లు ప్రోగ్రాములో రాయాలి. ప్రోగ్రామే స్తంభించితే? హీట్ సింకుపై 70 డిగ్రీలకు తెగే ద్విలోహ ఉష్ణ స్విచ్చును ఎల్‌ఇడి సరఫరాకు శ్రేణిలో పెట్టాలి. దానికి ప్రోగ్రాముతో పనిలేదు. రెండు లోహాల వ్యాకోచాలలోని తేడాయే దాని తెలివి.

230 వోల్టుల విద్యుత్తు తొట్టి దరికి రాకూడదు. అడాప్టరు దూరంగా, నీటిమట్టానికి పైన ఉండాలి. తొట్టిపైకి వెళ్ళేవి 24 వోల్టుల తీగలు మాత్రమే. ప్రతి తీగ సాకెట్టుకు చేరేముందు కిందికి ఒక వంపు తిరగాలి. తీగవెంట జారిన నీటిబొట్టు ఆ వంపు వద్ద రాలిపోతుంది. సాకెట్టుకు 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ లేకుండా ఈ పని మొదలుపెట్టడానికి విద్యార్థులకు అనుమతి ఇవ్వరాదని కళాశాల కమిటీవారికి మనవి. ఎల్‌ఇడిలకు, నీటికి మధ్య పారదర్శకమైన అక్రిలిక్ పలక ఉండాలి. వెలుగుతున్న ఎల్‌ఇడిని నేరుగా చూడరాదు.

కొత్త తొట్టికి మొదట పూర్తి వెలుగు ఇవ్వరాదు. మొక్కలు వేళ్ళూనకముందే మిక్కిలి కాంతి పడితే ఆ లాభం నాచు పొందుతుంది. 40 శాతంతో రోజుకు ఆరు గంటలు మొదలుపెట్టి, వారం వారం కొంచెం హెచ్చించి, ఎనిమిది గంటల వద్ద ఆపవచ్చు. ఉదయం, సాయంకాలం అరగంట చొప్పున మెల్లగా మారడం చేపలకు హాయి.

హైడ్రిల్లా ప్రయోగం

ఈ దీపం తొట్టికే పరిమితం కానక్కరలేదు. వృక్షశాస్త్ర ప్రయోగశాలలో హైడ్రిల్లా కొమ్మను నీటిలో ఉంచి, కోసిన చివర నుంచి వెలువడే ప్రాణవాయు బుడగలను లెక్కించడం విద్యార్థులకు పరిచితమైన ప్రయోగమే. కాంతి తీవ్రతను మార్చడానికి బల్బును దగ్గరికి, దూరానికి జరుపుతూ ఉంటారు. దగ్గరికి తెచ్చినప్పుడు కాంతితోపాటు వేడి కూడ పెరుగుతుంది. బుడగలు హెచ్చింది వెలుగువల్లనా, వేడివల్లనా అన్నది తేలదు. మన దీపాన్ని ఒకేచోట స్థిరంగా ఉంచి శాతం మార్చవచ్చు. దాని వేడిని హీట్ సింకు, పంఖా పైకి తీసుకొనిపోతాయి.

బీకరులో నీరు పోసి, సోడియం బైకార్బొనేటు చిటికెడు వేసి, కొమ్మను తలకిందులుగా గరాటు కింద ఉంచాలి. 10, 20, 40, 80, 100 శాతాల వద్ద దీపాన్ని నిలిపి, ప్రతిసారి ఐదు నిమిషాలు ఆగి, తరువాత నిమిషానికి వచ్చే బుడగలను మూడుసార్లు లెక్కించి సగటు తీయాలి. నీటి ఉష్ణోగ్రతను ప్రతిసారి రాయాలి. తక్కువ శాతాలలో బుడగలు వెలుగుతోపాటు పెరుగుతాయి. ఒక హద్దు దాటిన తరువాత వెలుగు పెంచినా పెరగవు. 1905లో ఎఫ్. ఎఫ్. బ్లాక్‌మన్ ప్రతిపాదించిన అవధి కారకాల నియమం ఇదే. ఆ హద్దు వద్ద బైకార్బొనేటు మరొక చిటికెడు వేసి మళ్ళీ లెక్కించండి. బుడగలు పెరిగితే అంతవరకు ఆపి ఉంచినది వెలుగు కాదు, బొగ్గుపులుసు వాయువు అని తెలుస్తుంది. పట్టికలో మరొక నిలువు గీత గీసి, ప్రతి శాతం వద్ద వెలుగు ఎంతగా కనిపించిందో కంటి అంచనాను కూడ రాయండి. బుడగల సంఖ్యను, కంటి అంచనాను ఒకే గ్రాఫు కాగితంపై వేరువేరు రంగులతో గీసి చూడండి.